ముందు ఏ సిలిండరో తేల్చుకో

కిరణ్,

2006 ఫోర్డ్ ఎఫ్-150 కొన్నావని మీ అమ్మ చెప్పింది, సంతోషం. హ్యూస్టన్ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు బండి కుదుపుతోందని, సిగ్నల్ దగ్గర ఆగితే వణుకుతోందని నువ్వు ఫోన్లో అన్నావు. అది మిస్సింగే. ఎవరో ఎనిమిది కాయిళ్లూ ఎనిమిది ప్లగ్గులూ ఒకేసారి మార్చెయ్యమన్నారట. ఆ మాట వినకు. ఏ సిలిండరు కొట్టడం లేదో, ఎందుకు కొట్టడం లేదో తెలిసేదాకా రూపాయి పెట్టొద్దు.

ముందుగా ఒక జాగ్రత్త. చెక్ ఇంజిన్ దీపం నిలకడగా వెలుగుతుంటే నెమ్మదిగా ఇంటికి చేరొచ్చు. కొట్టుకుంటూ వెలుగుతుంటే మాత్రం యాక్సిలరేటర్ మీంచి కాలు తీసెయ్యి, పక్కకి ఆపు. కాలని పెట్రోలు సైలెన్సర్ గొట్టంలోకి పోయి క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండుతుంది, దాని లోపలి భాగం కరిగిపోతుంది. కాయిల్ ఖరీదెంత, కన్వర్టర్ ఖరీదెంత!

1996 నుంచి అమెరికాలో అమ్మే ప్రతి పెట్రోలు కారుకీ ఓబీడీ-2 సాకెట్టు ఉంటుంది. చిన్న స్కానర్ కొనుక్కో. పి0303 అని వస్తే మూడో సిలిండరు, పి0308 అయితే ఎనిమిదోది. పి0300 అంటే ఏ ఒక్కదాన్నీ పట్టి చెప్పలేకపోతోందని. కోడ్ చెరిపేముందు ఫ్రీజ్ ఫ్రేమ్ చూడు. ఇంజిన్ ఎంత వేడి మీద ఉంది, ఎంత వేగంలో, ఎంత లోడ్‌లో ఉండగా కోడ్ పడిందో అందులో ఉంటుంది. తొందరపడి చెరిపితే ఆ సాక్ష్యం పోతుంది.

ఫోర్డ్ వాళ్లు ప్రయాణికుడి వైపు ముందు నుంచి వెనక్కి 1, 2, 3, 4 అని, డ్రైవర్ వైపు 5, 6, 7, 8 అని లెక్కపెడతారు. షెవర్లే వీ8 లో ఒక పక్క బేసి, మరో పక్క సరి సంఖ్యలుంటాయి. వేరే బండి వీడియో చూసి పని మొదలుపెడితే మంచి సిలిండరు మీద పడతావు.

కోడ్ సిలిండరు పేరే చెబుతుంది, చెడిన భాగం పేరు చెప్పదు. నిప్పురవ్వ, పెట్రోలు, కంప్రెషన్ ఈ మూడింట్లో ఏది లేకపోయినా కోడ్ అదే. అందుకే, పి0303 వచ్చిందనుకో, మూడో కాయిల్ తీసి ఒకటిలో పెట్టు, ఒకటోది మూడులో పెట్టు, కోడ్ చెరిపి అదే ఫ్లైఓవర్ ఎక్కు. ఈసారి పి0301 వస్తే దొంగ కాయిలే. మళ్లీ మూడే వస్తే కాయిల్‌ని వదిలెయ్యి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. రెండు మారిస్తే బండి బాగైనా ఎందుకు బాగైందో తెలియదు. కాయిల్ తీసినప్పుడు ప్లగ్గు గుంతలో తడి ఉందేమో, రబ్బరు బూటు మీద సన్నని నల్లగీత ఉందేమో టార్చిలైటు వేసి చూడు. ఆ గీత వెంటే కరెంటు పక్కకి పారిపోతుంది.

ఇక ప్లగ్గులు. 5.4 లీటర్ల, సిలిండరుకి మూడు వాల్వుల ఈ ఇంజిన్‌లో అవే పెద్ద సమస్య. పాత ప్లగ్గు రెండు ముక్కలుగా తయారైంది. కింది పొడవాటి గొట్టం చుట్టూ మసి గట్టిపడి హెడ్డుకి అతుక్కుంటుంది. బలంగా తిప్పితే పైముక్క చేతికొస్తుంది, కిందిది లోపల ఉండిపోతుంది. చూద్దామని విప్పే ప్లగ్గు కాదిది, మిగిలినవన్నీ పరీక్షించాకే ముట్టుకో. ఫోర్డ్ ఇచ్చిన పద్ధతి ఇది: ఇంజిన్ పూర్తిగా చల్లారాక, ప్లగ్గుని ఎనిమిదో వంతు చుట్టు మాత్రమే వదులు చేసి, గుంతలో కార్బ్యురేటర్ క్లీనర్ పోసి కనీసం పదిహేను నిమిషాలు ఆగాలి. తర్వాత కాస్త బిగించి, కాస్త వదులు చేసి, ముందుకీ వెనక్కీ ఆడిస్తూ తియ్యాలి. గాలితో తిప్పే ఇంపాక్ట్ గన్ వద్దే వద్దు. కొత్తవి ఒకే ముక్కగా చేసినవి కొను, 25 ఫుట్-పౌండ్లకి బిగించు.

పి0300 తో పాటు పి0171, పి0174 కూడా పడితే ప్లగ్గుల జోలికే పోకు. రెండు వైపులా పెట్రోలు చాలడం లేదన్నమాట. స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్, అంటే కంప్యూటర్ పెట్రోలుకి చేసే సవరణ, చూడు. ఐడిల్‌లో ఎక్కువగా ఉండి, 2500 ఆర్‌పీఎంకి తగ్గితే ఎక్కడో గాలి దూరుతోంది. లోడ్ పెరిగినకొద్దీ ట్రిమ్ పెరిగితే పంపునీ ఫిల్టర్‌నీ అనుమానించు.

కాయిల్, ప్లగ్గు, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ మూడూ బాగుండి కూడా సిలిండరు కొట్టకపోతే కంప్రెషన్ గేజి పెట్టాలి. అన్నిటికంటే తక్కువది, ఎక్కువదాంట్లో 75 శాతానికి తగ్గకూడదు. అంతకు తగ్గితే విడిభాగాలు కొనడం ఆపేసి నాతో మాట్లాడు.

ఈ శనివారం దాకా బరువు లాగకు. కోడ్, ఫ్రీజ్ ఫ్రేమ్ ఫోటో తీసి పంపు. ప్లగ్గులే విప్పాల్సి వస్తే నేనే డాలస్ నుంచి వస్తా, విరిగిన ముక్క లాగే పనిముట్టు నా దగ్గరుంది. అప్పటిదాకా ఒక్క ప్లగ్గు మీదా రెంచి పెట్టకు.

మీ మామయ్య