చెబితే ఫోన్ లాక్కోం, సరేనా?

టీ తీసుకుని ఇలా వచ్చి కూర్చో చెల్లీ. రాత్రి నిద్ర లేదని నీ కళ్లే చెబుతున్నాయి. పదో తరగతి పిల్ల పన్నెండు దాటినా ఫోన్‌లోనే ఉంది, నువ్వు తలుపు తోయగానే గభాలున దిండు కింద పెట్టేసింది, అంతేగా? ఎవరితో మాట్లాడుతోందో అని నీకు దడ. అడిగితే "నీకేం తెలీదులే అమ్మా" అంటుంది. లాక్కుంటే అన్నం మానేస్తుంది. ఏ ఇంట్లో చూసినా ఇదే వరస, నువ్వొక్కదానివే అనుకోకు.

పోనీ ఫోన్ పూర్తిగా తీసేద్దామా అంటే, హోంవర్కు వచ్చేది వాట్సాప్ గ్రూపులోనే. ఫిజిక్స్ అర్థం కాకపోతే చూసేది యూట్యూబే. తీసేస్తే స్నేహితురాలి ఫోన్‌లో చూస్తుంది, అదీ మనకు తెలియకుండా.

అసలు మన భయం అది కాదులే. ఎవడో పరాయివాడు పిల్లని మాటల్లో పెడతాడేమోనని. నిజమే, వాళ్ల పద్ధతి దాదాపు ఒకేలా ఉంటుంది. మన పిల్ల ఈడు అమ్మాయి ఫొటో పెట్టుకుని ఇన్‌స్టాలో పరిచయం అవుతారు. కొన్నాళ్లు పొగడ్తలు, ఓదార్పులు, ఇంట్లో తిడితే జాలి. తర్వాత వేరే యాప్‌లోకి రమ్మంటారు. అక్కడ ఒక్క ఫొటో అడుగుతారు. ఆ ఒక్కటీ చేతిలో పడ్డాక డబ్బన్నా అడుగుతారు, ఇంకా ఫొటోలన్నా అడుగుతారు. మగపిల్లాడికేం భయం అనుకోకు. తెలియని అమ్మాయి వీడియో కాల్ చేయడం, దాన్ని రికార్డు చేసి "మీవాళ్లందరికీ పంపుతా" అని బెదిరించడం కుర్రాళ్లకే ఎక్కువగా జరుగుతోంది. ఇప్పుడు ఏఐ వచ్చాక మామూలు డీపీతోనే పాడు బొమ్మ తయారుచేసేస్తున్నారు. కాబట్టి "మా పిల్ల అలాంటివి పంపదు" అన్న ధీమా ఒక్కటే చాలదమ్మా.

ఇక్కడే నీతో కాస్త గట్టిగా మాట్లాడాలి. "ఇంకోసారి ఇలాంటిది చూశానంటే ఫోన్ పగలగొడతా" అంటాం చూడు, కోపంలోనే అంటాం. కానీ పిల్లకి వినపడేది వేరు: ఏదైనా జరిగితే అమ్మకి చెప్పకూడదు. బెదిరించేవాడికి కావలసింది సరిగ్గా అదే. "మీ ఇంట్లో చెప్తా" అన్న ఒక్క మాట మీదే వాడి వ్యాపారమంతా నడుస్తుంది. ఇంట్లో ముందే తెలిసిపోతే వాడింకేం చెప్తాడు? అందుకని తిట్లూ షరతులూ పక్కనపెట్టి, దాన్ని కూర్చోబెట్టి ఒక మాట ఇచ్చెయ్యి: "ఏం జరిగినా నాకు చెప్పు. చెప్పినందుకు తిట్టను, ఫోన్ లాక్కోను." ఇచ్చాక నిలబెట్టుకోవాలి సుమా. మొదటిసారి చిన్న విషయం చెప్పి నిన్ను పరీక్షిస్తారు పిల్లలు!

ఒకవేళ నిజంగానే జరిగిందనుకో. మనకి మొదట పుట్టే బుద్ధి ఏమిటి? అన్నీ చెరిపేసి, సిమ్ తీసేసి, ఎవరికీ తెలియకుండా చూసుకోవడం. వద్దు. చాటింగు, వాడి ప్రొఫైలు, ఫోన్ నంబరు, డబ్బు పంపమన్న యూపీఐ ఐడీ, అన్నీ కనపడేలా స్క్రీన్‌షాట్లు తీసి దాచు. అందులో పిల్ల పాడు ఫొటోలుంటే వాటిని మాత్రం ఎవరికీ పంపకు, బంధువులకీ వద్దు. ఆ తర్వాతే బ్లాక్ చెయ్యండి. డబ్బు మాత్రం ఒక్క రూపాయి పంపొద్దు, ఇచ్చినకొద్దీ అడుగుతారు. ఇప్పటికే పంపేసి ఉంటే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి, ఎంత తొందరగా చెబితే ఆ సొమ్మును ఆపే వీలు అంత ఎక్కువ. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఆడవాళ్లకీ పిల్లలకీ సంబంధించిన ఫిర్యాదును పేరు చెప్పకుండానే ఇవ్వొచ్చు. పిల్లలే నేరుగా మాట్లాడాలనుకుంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది, రాత్రీ పగలూ పలుకుతుంది.

పోలీసులంటే పరువు పోతుందని కదూ నీ గుబులు? పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన 2012 నాటి పోక్సో చట్టం ఆ గుబులు ముందే ఊహించింది. పిల్ల పేరు, ఫొటో, బడి పేరు పత్రికల్లో రాకూడదు. వాంగ్మూలం మన ఇంట్లోనే తీసుకోవచ్చు, వీలైనంతవరకు మహిళా ఎస్సై రావాలి, అదీ యూనిఫాం లేకుండా. ఫొటో బయటికి పోతుందన్న భయం పీడిస్తుంటే 'టేక్ ఇట్ డౌన్' అని ఉచిత సేవ ఉంది, పద్దెనిమిదేళ్ల లోపు తీసిన ఫొటోల కోసం. ఫొటో మన ఫోన్ దాటి వెళ్లదు. దాని వేలిముద్ర లాంటి గుర్తు మాత్రమే వెళుతుంది, ఇన్‌స్టా, ఫేస్‌బుక్ లాంటివి ఆ గుర్తుతో పట్టుకుని తీసేస్తాయి.

పిల్ల ముభావంగా తిరుగుతూ, తిండి మానేసి, చచ్చిపోతానంటోందా? ఒంటరిగా వదలకు. 14416కి చెయ్యి, టెలీ మానస్ అనే ఆ మానసిక సహాయ లైనులో తెలుగులోనే మాట్లాడతారు.

జరక్కముందు చేయాల్సింది పెద్దగా లేదులే. ఇన్‌స్టాలో పుట్టిన తేదీ సరిగ్గా ఉందో లేదో చూడు. చాలామంది పిల్లలు పెద్దవాళ్లమని పెట్టేస్తారు. అసలు వయసు ఉంటే 2025 నుంచి మన దగ్గర కూడా టీన్ అకౌంట్ దానంతటదే వస్తోంది: అకౌంట్ ప్రైవేటుగా ఉంటుంది, తెలియనివాళ్ల మెసేజ్‌లు రావు, రాత్రి పదింటి నుంచి పొద్దున ఏడింటి దాకా నోటిఫికేషన్లు మోగవు. ఇంకోటి, పరీక్షల హాల్ టికెట్ స్టేటస్‌లో పెట్టే సరదా ఒకటి ఉంది చూడు, అది మాన్పించు. పేరు, ఫొటో, బడి, పరీక్షా కేంద్రం, అన్నీ మనమే చేతికిచ్చినట్టు.

ఇక నిద్ర. ఈ వయసులో ఎనిమిది నుంచి పది గంటలు కావాలి. పైగా యుక్తవయసులో నిద్ర సహజంగానే ఆలస్యంగా వస్తుంది, అంతా సోమరితనం కాదు. దానికి మొహం మీద ఫోన్ వెలుగు తోడైతే ఇంకా వెనక్కి జరుగుతుంది. స్టడీ అవరని అయిదింటికే లేపుతాం, ఎక్కడ సరిపోతుంది? తలనొప్పి, చిరాకు, మార్కులు తగ్గడం, సగం అక్కడివే. కళ్ల మాటకొస్తే, ఇరవై నిమిషాలకోసారి ఇరవై అడుగుల దూరానికి ఇరవై సెకన్లు చూడమను. సాయంత్రం కాసేపు ఎండ ఉండగానే బయటికి తోలు.

రాత్రి పది అయ్యేసరికి ఫోన్లన్నీ హాల్లో ఛార్జింగ్‌కి. అన్నీ అంటే నీదీ, మీ ఆయనదీ కూడా, లేకపోతే ఎవరు వింటారు? "అలారం కోసం కావాలమ్మా" అంటుంది, నాకు తెలుసు. ఆదివారం బజారుకెళ్లినప్పుడు గడియారం కొనుక్కురా. రెండు కొను, నీ మంచం పక్కకి కూడా.