పుస్తకం వేసినవారికి రెండు మాటలు

చి. అమ్మడికి,

కాకా పట్టినట్టు ఉంటుందని నీ కవితల పుస్తకంలో ప్రచురణకర్తకు రాసిన కృతజ్ఞతల పేజీ తీసేస్తానంటావా? తీసెయ్యకు, తిరగరాయి. "సహృదయులు, సాహితీబంధువులు" అని రాశావు చూడు, ఆ మాటలు ఏ పుస్తకంలోనైనా ఎవరికైనా అతుకుతాయి. కల్యాణసింగ్‌పూర్‌లో ఒడియా బడిలో చదువుకున్న పిల్ల తెలుగులో రాస్తే, పేరూ ఊరూ అడక్కుండా చదివారు ఆ ప్రచురణకర్త. నాగావళి వరద మీద నువ్వు రాసిన కవితను రెండుసార్లు తిప్పి పంపి, మూడోసారి ఒప్పుకున్నారని నువ్వే చెప్పావు. అదే రాయి. నిజంగా జరిగింది రాస్తే పొగడ్త ఎందుకవుతుంది?

పుస్తకం ఆరు నెలలు ఆలస్యమైందని చిరాకుపడ్డావు, అది మాత్రం నాకు నచ్చలేదమ్మా. మహాప్రస్థానం గీతాలు శ్రీశ్రీ చాలామట్టుకు 1930ల్లోనే రాశాడు. దానికి చలం రాసిన ముందుమాట, యోగ్యతాపత్రం, 1940 నాటిది. పుస్తకం 1950లో గానీ రాలేదు. బందరులో నళినీకుమార్ వేశారు. అంతటి కవిత్వమూ అచ్చుకు పదేళ్లు ఆగింది!

ఆ పుస్తకానికే ఇంకో ప్రచురణకర్త ఉన్నారు, మన పక్క జిల్లాలో పుట్టినవారు. గూటాల కృష్ణమూర్తిగారిది పర్లాకిమిడి, గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పిన ఊరు. ఆయన లండన్‌లో స్థిరపడి, అక్కడ 1890ల నాటి ఇంగ్లీషు కవుల కోసం ఒక సొసైటీ పెట్టి నడిపారు. మరుగున పడిన కవులను వెదికి పట్టుకోవడం ఆయనకు ప్రాణం. 1981లో విదేశాంధ్ర ప్రచురణల పేరుతో మహాప్రస్థానం తెచ్చారు. అందులో టైపు అక్షరాలు కావు, శ్రీశ్రీ సొంత దస్తూరీ ఉంటుంది. శ్రీశ్రీ తన గొంతుతో చదివిన కేసెట్టు కూడా జతచేశారు. తెలుగు నేలకు అంత దూరాన కూర్చుని చేసిన పని అది! అప్పటికి శ్రీశ్రీకి డెబ్బై ఒకటి. 1983 జూన్‌లో పోయాడు. ఆ అక్షరాల వాలు, ఆ గొంతులో విరుపు ఈనాటికీ మనకు మిగిలాయంటే లాభం చూసుకోని ఒక మనిషి పట్టుదల వల్లే. నాకు ఆ పని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

నీ ప్రచురణకర్త రుణం ఒక్క పేజీతో తీరేది కాదు. ప్రూఫులు శ్రద్ధగా చూడు. నువ్వు ఫోన్‌లో యూనికోడ్‌లో కొట్టి పంపుతావు, డీటీపీలో దాన్ని అను ఫాంట్లలోకి మారుస్తారు. అక్కడ ఒత్తులు చెదురుతాయి, పొడుగు పాదాలు విరిగి కింది వరుసలోకి పడతాయి. పాదం ఎక్కడ విరగాలో నీకు తప్ప ఎవరికీ తెలియదు. ఒక్కొక్క పేజీ గట్టిగా చదువుతూ ఎర్ర సిరాతో గుర్తుపెట్టు. అంతేగాని ప్రూఫుల మీద కొత్త పాదాలు కలపకు. నాలుగు పాదాలు పెరిగితే కవిత పక్క పేజీలోకి జరుగుతుంది, పేజీలు ఒక షీటు మీద అచ్చయ్యే ఫారం లెక్క దాటిపోతాయి, ఆ కాగితం ఖర్చు పడేది ఆయన మీదే. మార్చాలనిపిస్తే రెండో పుస్తకానికి దాచుకో.

కాపీలు వచ్చాక ఊరికే పంచిపెట్టకు. మీ నాన్న స్నేహితులైనా సరే, కొనుక్కోమను. నీకు మొహమాటం ఎక్కువని తెలిసే ముందే చెబుతున్నాను.

దిద్దిన పేజీ పండక్కి ముందే పంపించు. అమ్మకు నా ఆశీస్సులు చెప్పు.

మీ మావయ్య