అయోడిన్ పెంచినా వేగం పెరగదేం?

ప్రశ్న: ఆమ్ల సమక్షంలో అసిటోన్‌, అయోడిన్‌ల చర్య చేశాం. అయోడిన్ గాఢత రెట్టింపు చేసినా వేగం మారలేదు. ప్రయోగంలో ఏదైనా పొరపాటు జరిగిందా సార్?
– ఒక డిగ్రీ విద్యార్థిని

జవాబు: లేదమ్మా, మీకు సరైన ఫలితమే వచ్చింది. ఈ చర్య వేగం అసిటోన్, ఆమ్లం గాఢతలను బట్టి మారుతుంది. అయోడిన్ పరంగా క్రమాంకం సున్నా. అంటే నెమ్మదిగా సాగే అంచెలో అయోడిన్‌కు పాత్ర లేదన్నమాట. ముందు ఆమ్లం సాయంతో అసిటోన్ ఈనాల్‌గా మారాలి, ఆలస్యమంతా అక్కడే. ఈనాల్ తయారైందా, అయోడిన్ వెంటనే దాన్ని పట్టేస్తుంది.

1904లో ఆర్థర్ లాప్‌వర్త్ బ్రోమిన్‌తో ఇదే గమనించాడు. అయోడిన్‌కు బదులు బ్రోమిన్ వాడినా వేగం దాదాపు అంతే! అసిటోన్‌లోని హైడ్రోజన్ల స్థానంలో డ్యుటీరియం పెడితే మాత్రం చర్య బాగా మందగిస్తుంది. కార్బన్–హైడ్రోజన్ బంధం తెగేది ఆ నెమ్మది అంచెలోనే అనడానికి ఇంతకన్నా గట్టి ఆధారం ఏం కావాలి?

కలరీమీటర్ ఉంటే అసిటోన్, ఆమ్లం బాగా ఎక్కువగా తీసుకొని, అయోడిన్ రంగు తగ్గడాన్ని కాలంతో గ్రాఫ్ గీయండి. వంపు లేని సరళరేఖ వస్తుంది, రంగు పూర్తిగా పోయేదాకా.

ఒక్క మాట గుర్తుంచుకోండి. వేగ ఫలితాలు తప్పుడు చర్యా విధానాన్ని కొట్టిపారేయగలవు గానీ, సరిపోయినదే నిజమని రుజువు చేయలేవు. ఈసారి ఉష్ణోగ్రత మారకుండా చూసుకుంటూ ఆమ్లం గాఢత సగానికి తగ్గించి చూడండి.