లక్కలో నిలిచిన వియన్నా గొంతులు

1905 డిసెంబరు 30న వియన్నాలోని థియేటర్ ఆన్ డెర్ వీన్ రంగస్థలం మీద 'ది మెర్రీ విడో' అనే ఒపెరెట్టాను తొలిసారి ప్రదర్శించారు. ఒపెరెట్టా అంటే పాట, మాట, నాట్యం, హాస్యం కలిసిన తేలికపాటి సంగీత నాటకం. దీనికి సంగీతం కూర్చింది ఫ్రాన్జ్ లేహార్. నాయకుడు డానిలోగా లూయీ ట్రాయ్‌మన్, నాయిక హన్నాగా మిజ్జి గ్యుంటర్ నటించారు. మరుసటి ఏడాదే ఆ ఇద్దరూ ఇందులోని పాటలను గ్రామఫోను ప్లేట్ల కోసం పాడారు. ఆ పాటలు ఇప్పటికీ వినవచ్చు. అయితే వాటిలో వినబడేది నిజంగా ట్రాయ్‌మన్ గొంతేనా? అయితే అది ఎంత మేరకు?

1906 నాటి రికార్డింగు గదిలో మైక్రోఫోను లేదు. గాయకుడు ఒక పెద్ద బూర ముందు నిలబడి పాడేవాడు. ఆ గాలి కదలికలకు బూర కొసన ఉన్న పలుచని పొర కంపించేది. పొరకు తగిలించిన ములికి, తిరుగుతున్న మైనపు పళ్లెం మీద అటూ ఇటూ ఊగుతూ గాడి చెక్కేది. విద్యుత్తు సాయం లేదు కాబట్టి, గాడి చెక్కడానికి కావలసిన శక్తి అంతా గాయకుడి గొంతు నుంచే రావాలి. నెమ్మదిగా పాడితే పొర కదలదు. తారస్థాయిలో గట్టిగా పాడితే ములికి అదుపు తప్పుతుంది. అందుకే పై స్వరాలు వచ్చేసరికి గాయకులు వెనక్కి జరిగేవారు. వయొలిన్ ధ్వని చాలదని దానికి లోహపు బూర బిగించిన 'స్ట్రో వయొలిన్' వాడేవారు. డబుల్ బాస్ వాయిద్యం బదులు తరచు ట్యూబా ఊదేవారు. అంటే ఆ ప్లేట్లలోని వాద్యబృందం నాటకశాలలో వాయించిన బృందం లాంటిది కాదు.

ఈ పద్ధతిలో సుమారు 200 నుంచి 2500 హెర్ట్జ్ వరకు ఉన్న ధ్వనులే బాగా పట్టుబడేవి. మగ గొంతు మూల పౌనఃపున్యం చాలా స్వరాల్లో 200 హెర్ట్జ్ కన్నా తక్కువే ఉంటుంది. మరి ఆ స్వరం మనకు ఎలా వినబడుతోంది? ప్రతి స్వరంలోనూ మూల పౌనఃపున్యంతో పాటు దానికి రెట్టింపు, మూడు రెట్లు, నాలుగు రెట్లు ఉండే అనుస్వరాలు కలిసి ఉంటాయి. మూలం లేకపోయినా, అనుస్వరాల మధ్య దూరాన్ని బట్టి మెదడు ఆ స్వరస్థాయిని పోల్చుకుంటుంది. సాధారణ టెలిఫోనులో మగవారి గొంతు పోల్చుకోగలగడానికీ ఇదే కారణం. పై అంచున జరిగిన నష్టాన్ని మాత్రం మెదడు అంత సులువుగా పూడ్చలేదు. 'స', 'ఫ' వంటి ధ్వనుల శక్తి ఎక్కువగా 4000 హెర్ట్జ్ పైన ఉంటుంది. పాత ప్లేట్లలో మాటలు ముద్దగా వినబడేది అందుకే.

చెక్కుచెదరనిది ఒకటుంది, అదే లయ. వియన్నా వాల్ట్జ్‌లో మూడు దెబ్బల్లో రెండోది కొద్దిగా ముందే పడుతుంది. అది కాగితం మీద రాసి ఉండదు, వాయించేవాడి చేతిలో ఉంటుంది. బూర ఎంత ఇరుకైనా ఈ కాల వ్యవధిని చెరపలేదు. సంగీత చరిత్రకారులకు ఈ పాత ప్లేట్లు గొంతు మాధుర్యం కన్నా ఈ విషయంలోనే ఎక్కువ పనికొస్తాయి.

అయితే ఆ లయైనా ప్లేటు సరైన వేగంతో తిరిగితేనే నిజం. వీటిని '78' రికార్డులంటాం గానీ, తొలినాళ్లలో ఆ వేగం స్థిరంగా ఉండేది కాదు. నిమిషానికి 74 చుట్లతో చెక్కిన ప్లేటును 78 చుట్లతో తిప్పితే పౌనఃపున్యాలన్నీ 5.4 శాతం పెరుగుతాయి. ఒక స్వరస్థానానికీ తరువాతి దానికీ తేడా సుమారు 6 శాతం. అంటే పాట దాదాపు ఒక స్వరస్థానం పైకి జరుగుతుంది, గొంతు పలచబడుతుంది, పాట వేగమూ పెరుగుతుంది. సరైన వేగం తెలుసుకోవడానికి నిపుణులు లిఖిత స్వరలిపిని ఆధారం చేసుకుంటారు. 1885లో వియన్నాలో జరిగిన సమావేశం 'ఎ' స్వరాన్ని 435 హెర్ట్జ్‌గా నిర్ణయించింది. నేటి ప్రమాణం 440. పాట ఏ శ్రుతిలో ఉందో తెలిస్తే వేగాన్ని లెక్కగట్టవచ్చు. కానీ గాయకుడు తన వీలు కోసం శ్రుతి తగ్గించి పాడి ఉంటే లెక్క తప్పుతుంది. అప్పుడు చెవే దిక్కు.

ఈ వియన్నా పాటల్ని మోసిన పదార్థంలో భారతదేశానికి వాటా ఉంది. ప్లేట్లలో బంకగా పనిచేసింది లక్క. మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మల మీద లక్కపురుగు చెట్టు రసం పీల్చి స్రవించే జిగురే ఇది. మన ఏటికొప్పాక బొమ్మలకు మెరుపునిచ్చేదీ ఇదే. ప్రపంచానికి లక్క ప్రధానంగా భారతదేశం నుంచే, అందులోనూ ఛోటానాగ్‌పూర్ ప్రాంతం నుంచి వెళ్లేది. 1924లో రాంచీ దగ్గర లక్క పరిశోధన సంస్థ ఏర్పడింది కూడా. ప్లేటులో లక్క పాలు తక్కువే. ఎక్కువ భాగం రాతి పొడి, నల్లరంగు కోసం మసి. ఆ రాతి పొడి కావాలనే కలిపేవారు. ఉక్కు ముల్లు కొన్ని చుట్లలోనే అరిగి గాడికి సరిపోయే ఆకారానికి రావాలని. ప్రతి పాటకూ ముల్లు మార్చమనడం అందుకే. గ్రామఫోన్ కంపెనీ ప్లేట్లు అప్పట్లో జర్మనీలోని హానోవర్ కర్మాగారంలో తయారయ్యేవి. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాడిన పాటలు కూడా అక్కడే అచ్చయి తిరిగొచ్చాయి.

1925లో మైక్రోఫోను, విద్యుత్ వర్ధకం వచ్చాక పట్టుబడే ధ్వనుల పై హద్దు దాదాపు 5000 హెర్ట్జ్‌కు చేరింది. 1929లో బెర్లిన్‌లో మొదలైన లేహార్ 'చిరునవ్వుల దేశం' పాటల్ని రిచర్డ్ టౌబర్ ఈ కొత్త పద్ధతిలో పాడాడు. గుసగుసలా పాడే నెమ్మదైన స్వరాలు కూడా ఆయన ప్లేట్లలో నిలిచాయి. బూర ముందు అది సాధ్యమయ్యేది కాదు.

ఆ తరువాతి చరిత్ర చీకటిది. ఆ ఒపెరెట్టాకు సాహిత్యం రాసిన ఇద్దరిలో ఒకరైన ఫ్రిట్జ్ లోనర్-బేడా 1942లో ఆష్విట్జ్‌లో చంపబడ్డాడు. టౌబర్ దేశం విడిచి లండన్ చేరాడు. మొదటి డానిలో ట్రాయ్‌మన్ యూదుడు. నాజీలు ఆయన్ను తెరెసిన్‌ష్టాట్ శిబిరానికి తరలించారు. 1943 మార్చిలో అక్కడే మరణించాడు. ఆయన గొంతుకు మిగిలిన సాక్ష్యం ఆ కొద్ది ప్లేట్లే.

అందుకే ఒక్కో గాడి నుంచి వీలైనంత రాబట్టే పని సాగుతోంది. పాత ఉక్కు ముళ్లు గాడిని ఒక ఎత్తులో అరగదీస్తే, వేరే పరిమాణం గల ములికి వాడి అరగని చోటు నుంచి ధ్వని తీస్తారు. పగిలిన ప్లేటుకు ఇది కుదరదు. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో కార్ల్ హేబర్, విటాలీ ఫదెయేవ్ కణ భౌతిక పరిశోధనలకు వాడే కొలత పద్ధతులతో 'ఐరీన్' అనే విధానాన్ని రూపొందించారు. ఇందులో ముల్లు తగలదు. గాడిని ఫొటో తీసి, దాని వంపుల్ని కంప్యూటరు ధ్వనిగా మారుస్తుంది.

ఇంట్లో పాత ప్లేట్లున్నవారు గుర్తుంచుకోవలసినది ఒకటుంది. వినైల్ రికార్డులు తుడిచే ఆల్కహాలు ద్రావణం వీటి మీద పోయరాదు. లక్క ఆల్కహాలులో కరుగుతుంది. మురికితో పాటు పాటా పోతుంది. స్వేదన జలంలో చుక్క తేలికపాటి సబ్బు కలిపి, మెత్తటి బ్రష్‌తో గాడి వెంట తుడిచి, వెంటనే ఆరబెడితే చాలు.