కలప రేటుకు పడవనియ్యకండి
ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: మా నాయిన వడ్ల పని చేస్తడు. చాన ఏండ్లు గల్ఫ్‌ల ఉన్నడు. అజ్మాన్‌ల కట్టె పడవలు చేసేకాడ పని నేర్చుకున్నడు. ఇంటికొచ్చినంక పెరట్ల టేకుతోని తెరచాప పడవ ఒకటి చేసిండు, పదహారు ఫీట్లు ఉంటది. ధర్మపురికాడ గోదావరిల దింపితే మంచిగ నడిచింది. ఇప్పుడు నాయినకు చేతులు వణుకుతున్నయి. పడవ రేకుల షెడ్డు కింద పడి ఉన్నది. తమ్ముడు ఇల్లు కడతడు, జాగ కావాలె. సామిల్లు వాళ్లు కట్టె లెక్క కట్టి ధర చెప్పిండ్రు. ఇచ్చెయ్యమంటరా?
- ఒక పాఠకుడు, కోరుట్ల

జవాబు: ఇయ్యకండి. సామిల్లు వాళ్లు మోసం చేశారని కాదు. వాళ్లు కొనేది కట్టె కాబట్టి కట్టెకే లెక్క కట్టారు. మీరు అమ్మేది పడవ. దాన్ని కోసిన మరుక్షణం మీ నాయిన పనితనం విలువ సున్నా అవుతుంది.

ముందు కనీస ధర ఎంతో తేల్చుకోండి. టేకుకు ఇవాళ్టి ధర, పడవ చేయడానికి పట్టిన రోజులకు ఇప్పుడు మీ ఊళ్లో వడ్ల మేస్త్రీకి ఇచ్చే కూలి, మేకులు, నూనె, తెరచాప గుడ్డ ఖర్చు కలపండి. అంతకంటే కిందికి దిగకండి. ఆ పైన ఎంత వస్తుందన్నది కొనేవాడు ఎవరన్న దాన్ని బట్టి ఉంటుంది. హైదరాబాద్ హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవల పోటీలు జరుగుతాయి. అక్కడివాళ్లు నడిపేది ఫైబర్ పడవలు, పందేనికి మీది కొనరు. కానీ గాలితో నడిచే పడవ గురించి తెలిసిన మనుషులు మన రాష్ట్రంలో దొరికేది అక్కడే. వాళ్లలో ఒకరు వచ్చి చూసి ‘ఇది నడుస్తుంది’ అంటే ఆ మాటకు విలువ ఉంటుంది. చెక్క నాణ్యత చెప్పించుకోవాలంటే కాకినాడ దగ్గర తాళ్ళరేవు వైపు పడవలు కట్టే మేస్త్రీలకు ఫొటోలు పంపి అడగండి. ఆ పక్కనే ఉన్న కోరంగి ఒకప్పుడు ఓడల తయారీకి పేరు మోసిన రేవు, ఆ పని తెలిసిన చేతులు ఆ చుట్టుపక్కల ఇంకా ఉన్నాయి. చెరువు గట్టున రిసార్టు నడిపేవాళ్లు, మ్యూజియంల వాళ్లు కూడా కొనవచ్చు. రిసార్టు వాళ్లయితే నీళ్ల మీద తిప్పుతారా, గేటు ముందు పూలకుండీలు పెట్టుకుంటారా అని అడగండి. నేనైతే తిప్పేవాళ్లకు కొంత తగ్గించైనా ఇస్తాను.

చూడ్డానికి వస్తున్నారు కదా అని లప్పం పూసి, మెరిసే రంగు వేయకండి. షెడ్డులో ఏళ్ల తరబడి ఎండిన చెక్క ముడుచుకుపోయి పలకల మధ్య సందులు పడతాయి. ఆ సందుల్లో గట్టి లప్పం కూరితే, నీళ్లలో దిగి చెక్క ఉబ్బినప్పుడు లప్పం పలకలనే బయటికి నెడుతుంది. దానికి బదులు ముందుగా కొన్ని రోజులు తడి గోనె సంచులు కప్పి ఉంచండి. అడుగు చెక్కలో డబ్బణం గుచ్చి చూడండి. మెత్తగా దిగితే అక్కడ చెదలో, కుళ్లో ఉన్నట్టు. ఉన్నది ఉన్నట్టు కొనేవాళ్లకు చూపించండి.

టేకు కొన్న రసీదు, పర్మిటు వెతికి పెట్టుకోండి. లారీ ఎక్కించే ముందు అటవీ రేంజ్ ఆఫీసులో అడిగి, కావలసిన కాగితం తీసుకోండి. రవాణా ఖర్చు ఎవరిదో ముందే రాసుకోండి. లారీలో పట్టలేదని తెరచాప కొయ్యను మాత్రం కోయనివ్వకండి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది. మీ ఉత్తరంలో తమ్ముడి మాట ఉంది, సామిల్లు మాట ఉంది, మీ నాయిన మాట లేదు. ఆయన్ని అడిగారా? గల్ఫ్ పడవైనా, కేరళలోని బేపూర్‌లో కట్టే ఉరు అనే చెక్క ఓడ అయినా పాత పద్ధతిలో కాగితం మీద బొమ్మ గీసి చేయరు. కొలతలన్నీ మేస్త్రీ కంటిలోనే ఉంటాయి. అంటే ఈ పడవ నక్షా మీ నాయిన దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు. పడవ ఇంట్లో ఉండగానే ఆయన్ని పక్కన కూచోబెట్టుకుని ఏ పలక ముందు వేశాడు, వంపు ఎలా తెచ్చాడు, సందుల్లో ఏం కూరాడు, అన్నీ ఫోన్‌లో రికార్డు చేయండి. పొడవు, వెడల్పు, లోతు ప్రతి రెండు అడుగులకు కొలిచి రాసుకోండి. ఆ కాగితాల నకలు ఒకటి పడవతో పాటు ఇస్తే ధరా పెరుగుతుంది. పడవ మీద ఆయన పేరు, ఊరి పేరు చెక్కించండి. బేరం కూడా ఆయన ముందే జరగాలి.

ప్రశ్న: మా తాతల నాటి చెక్క పడవ ఒకటుంది. ‘రెండు వందల ఏండ్లదని చెప్పుండ్రి, కోటిలింగాల దగ్గర్నే కాబట్టి శాతవాహనుల పద్ధతి అని రాసుండ్రి, మంచి ధరొస్తది’ అంటున్నడు ఒక మధ్యవర్తి. నిజమేనా?
- ఒక పాఠకురాలు, జగిత్యాల జిల్లా

జవాబు: అమ్మా, ఆ మధ్యవర్తిని దూరం పెట్టండి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన ఇలాంటి వస్తువు పురావస్తువు కిందికి రావచ్చు. వాటితో వ్యాపారం చేయడానికి లైసెన్సు కావాలి, ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం నేరం. లేని వయసు చెబితే అబద్ధంతో పాటు లేని చిక్కు కూడా మీరే తెచ్చుకున్నట్టు. నిజంగానే అంత పాతదైతే అమ్మకం సంగతి పక్కనపెట్టి ముందు పురావస్తు శాఖకు రాయండి.

కోటిలింగాల గొప్పది, కాదనను. శాతవాహన వంశ మూలపురుషుడు సిముకుడి నాణేలు దొరికిన చోటు. తర్వాతి కాలపు యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ ఉంది. కానీ నాణెం మీది బొమ్మ చూసి పడవ పద్ధతి చెప్పలేం. 2025లో నౌకాదళంలో చేరిన కుట్టు ఓడ కౌండిన్య సంగతే చూడండి. దానికి ఆధారం అజంతాలోని ఒక చిత్రం. నక్షాలు లేవు గనక మద్రాసు ఐఐటీలో నమూనా పరీక్షలు చేసి, కేరళ పనివాళ్ల చేత కొబ్బరి తాళ్లతో కుట్టించి తయారుచేశారు. బొమ్మ ఒక్కటే ఉంటే అంత పని పడుతుంది. మీ తాతగారి పడవను మీ తాతగారి పడవగానే అమ్మండి.

ప్రశ్న: మిడ్ మానేరుల తిప్పుకుందామని చిన్న తెరచాప పడవ కొనాలనుకుంటున్న. ఏం చూసుకోవాలె?
- ఒక పాఠకుడు, సిరిసిల్ల

జవాబు: పడవ కంటే ముందు అనుమతి. అది సాగునీటి ప్రాజెక్టు, నీటిపారుదల శాఖ వాళ్లు ఒప్పుకోకుండా ఏ పడవా దింపకూడదు. అడ్వాన్సు కూడా ఆ కాగితం చేతికొచ్చాకే ఇవ్వండి. గోదావరిలో కచ్చులూరు దగ్గర 2019 సెప్టెంబర్ 15న పర్యాటకుల బోటు మునిగి ఎంతమంది పోయారో మీకు గుర్తుండే ఉంటుంది. ఎక్కే ప్రతి మనిషికీ లైఫ్ జాకెట్ ఉండాలి, ఈత వచ్చినవాళ్లకు కూడా. కొనే ముందు పడవను నీళ్లలో ఒక పూట ఉంచి, ఎంత నీరు ఊరుతుందో మీ కళ్లతో చూడండి. తెరచాప గుడ్డ పాతబడిందని బేరం వదులుకోకండి. దళసరి కాటన్ కాన్వాసు తెప్పించి కుట్టించుకోవచ్చు, గుడ్డ తెలిసినవాళ్లకు సిరిసిల్లలో కొదవ లేదు. పై కోరుట్ల ఉత్తరం చదివారు కదా, అనుమతి దొరికితే నాకు రాయండి. వాళ్లు సరేనంటే మీ ఇద్దరినీ కలుపుతాను.