కొలవని ర్యాక్: మడికొండలో నేర్చుకున్న ఒక పాఠం

మూడో సంవత్సరం నెట్‌వర్క్స్ ల్యాబ్‌లో సర్వర్ ర్యాక్‌ని రోజూ చూస్తాం. తలుపు తీస్తాం, కేబుల్ పెడతాం, తలుపు వేస్తాం. దాన్ని ఎలా ఎంచుకోవాలో మాత్రం ఏ సబ్జెక్టులోనూ లేదు. నేను మా బాబాయి డబ్బుతో నేర్చుకున్నాను. మీరు ఊరికే నేర్చుకోండి.

మాది మడికొండ. 2020 జనవరిలో ఇక్కడి ఐటీ సెజ్‌లో టెక్ మహీంద్రా, సైయెంట్ క్యాంపస్‌లు ప్రారంభమయ్యాక, మా ఊళ్లో "ఐటీ" అంటే హైదరాబాద్ బస్సెక్కడమే అన్న మాట కొంచెం మారింది. మా బాబాయి కూడా పైఅంతస్తులో పదిమంది కూర్చునే చిన్న బిల్లింగ్ ఆఫీసు పెడదామనుకున్నాడు. "సామాను సంగతి నువ్వే చూడురా, ఇంజనీరింగ్ చదువుతున్నవ్ గదా" అన్నాడు. నాకు ఛాతీ రెండించులు పెరిగింది.

సికింద్రాబాద్‌లో ఒక పాత 1యూ సర్వర్ మంచి ధరకు దొరికింది. ర్యాక్ మాత్రం ఆన్‌లైన్‌లో చూసి 9యూ వాల్‌మౌంట్ తెప్పించాను. 19 అంగుళాల ర్యాక్, 19 అంగుళాల సర్వర్. ఇంకేం కావాలి?

బిగించే రోజు సర్వర్ సగం దూరం లోపలికి వెళ్లి ఆగిపోయింది. దాని పొడవు 70 సెంటీమీటర్లు, ర్యాక్ లోతు 45. బాబాయి కాసేపు చూసి, "టేపు పెట్టి కొలిచినవారా?" అన్నాడు. అంతే, ఇంకేమీ అనలేదు. తిట్టినా బాగుండేది. సోమవారం నుంచి రమ్మని అప్పటికే నలుగురికి చెప్పి ఉన్నాడు.

మంచం ఉన్నంత వరకే కాళ్లు చాపుకోవాలంటారు. ర్యాక్ విషయంలో ఆ మాటను తిరగేయాలి: ముందు కాళ్లు కొలిచి, తర్వాత మంచం కొనాలి. ఆ కొలతలు ఇవీ.

వెడల్పు. 19 అంగుళాలు, అంటే 482.6 మిల్లీమీటర్లు. ఇది పరికరం ముందుపలక వెడల్పు, ర్యాక్ బయటి వెడల్పు కాదు. అమెరికా టెలిఫోన్ ఎక్స్ఛేంజిల్లో రిలేలు బిగించడానికి దాదాపు వందేళ్ల కిందట స్థిరపడిన కొలత ఇది. ఈఐఏ-310 ప్రమాణం కూడా దీన్నే చెబుతుంది. వెడల్పు దగ్గర పొరపాటు చేయడం కష్టం. నేను మోసపోయింది అందుకే: ఒక కొలత కలిస్తే అన్నీ కలుస్తాయనుకున్నాను.

ఎత్తు. 1యూ అంటే 1.75 అంగుళాలు, 44.45 మిల్లీమీటర్లు. ఒక్కో యూకి మూడు రంధ్రాలు. రంధ్రాల మధ్య దూరం అన్నిచోట్లా ఒకటి కాదు. రెండు రంధ్రాలు మిగతావాటికన్నా దగ్గరగా ఉంటే, వాటి మధ్యే యూ సరిహద్దు. ఇది తెలియక కేజ్ నట్లు ఒక రంధ్రం పైకి బిగించి, మళ్లీ ఊడదీసి వేళ్లు కోసుకున్నాను.

మా లెక్క ఇది: సర్వర్ 1, స్విచ్ 1, ప్యాచ్ ప్యానెల్ 1, కేబుల్ మేనేజర్ 1, కెమెరాల రికార్డర్ షెల్ఫ్ 2, రూటర్ షెల్ఫ్ 1, పవర్ స్ట్రిప్ 1, యూపీఎస్ 2. మొత్తం 10యూ. అంటే నేను కొన్న 9యూ ఎత్తులో కూడా చాలదు! రేపటి అవసరానికి కనీసం మూడోవంతు కలుపుకోవాలి.

లోతు. అసలు కథ ఇక్కడే. స్విచ్‌లు, ప్యాచ్ ప్యానెళ్లకు 45–60 సెంటీమీటర్ల ర్యాక్ సరిపోతుంది. సర్వర్‌కి చాలదు. సర్వర్ పొడవుకు వెనక ప్లగ్గులు, కేబుల్ మలుపుల కోసం ఇంకో 10–15 సెంటీమీటర్లు కలపాలి. మాకు 85 వచ్చింది, కాబట్టి 1000 మిల్లీమీటర్ల లోతు ర్యాక్ కావాలి. వెనక రైళ్లు ముందుకూ వెనక్కూ జరిగేలా ఉన్నాయా, సర్వర్‌తో దాని స్లైడ్ రైళ్లు ఇచ్చారా అన్నది కూడా చూడండి. పాత సర్వర్లకు అవి తరచూ ఉండవు.

బరువు. బిగించడానికి వచ్చిన వడ్లాయన, "తలుపు పీకేసి ముందుకు వేలాడదీద్దాం" అన్నాడు. మాది నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ. బరువు గోడకు ఎంత దూరం జరిగితే పై బోల్టుల మీద లాగుడు అంత పెరుగుతుంది. మొదటి సంవత్సరం మెకానిక్స్‌లో మూమెంట్ అని చదివింది ఇదే. వద్దన్నాను. ఆ రోజు నేను చేసిన ఒకే ఒక్క సరైన పని అది. యూపీఎస్ ఎప్పుడూ అడుగునే ఉండాలి. బ్యాటరీ బరువు పైన ఉంటే నేలమీది ర్యాక్ కూడా ఒరుగుతుంది.

వేడి. సర్వర్ ముందునుంచి గాలి పీల్చి వెనకనుంచి వదులుతుంది. అద్దం తలుపు అందంగా ఉంటుంది గానీ గాలికి అడ్డం. సర్వర్ ఉంటే ముందూ వెనకా జాలీ తలుపులే మేలు. లోపలికి పోయే గాలి 18–27 డిగ్రీల మధ్య ఉండాలన్నది ఆష్రే సిఫారసు. మన ఎండాకాలం గురించి చెప్పక్కర్లేదు. మా సామాను మొత్తం సుమారు 300 వాట్లు. ఒక టన్ను ఏసీ దాదాపు 3,500 వాట్ల వేడి తీస్తుంది. కాబట్టి పెద్ద ఏసీ అక్కర్లేదు, కానీ తలుపులు మూసిన స్టోర్‌రూంలో పెట్టకూడదు. హైదరాబాద్ రోడ్డు దుమ్ముకు నెలకోసారి తుడవక తప్పదు.

కరెంటు. యూపీఎస్ వెనక సాకెట్లు మన ఇంటి ప్లగ్గులకు సరిపోతాయో లేదో కొనేముందే చూసుకోండి. ర్యాక్ ఒంటికి ఎర్త్ వైరు తప్పనిసరి. తలుపులకు కూడా విడిగా జంపర్ వైరు వేయాలి, కీలు ద్వారా ఎర్త్ అందుతుందని నమ్మొద్దు.

చివరికి 18యూ, 600 వెడల్పు, 1000 లోతు ఉన్న ర్యాక్ నేలమీద నిలబెట్టాం. ఈసారి మెట్ల వెడల్పు, మలుపు, గుమ్మం కూడా కొలిచాను. ఆఫీసు తొమ్మిది రోజులు ఆలస్యంగా మొదలైంది. ఆ నలుగురిలో ఒకామె ఈలోగా వేరేచోట చేరిపోయింది. ర్యాక్ డబ్బు కన్నా నాకు అదే ఎక్కువ బాధ.

పాత 9యూ వృథా పోలేదు. కింది అంతస్తులో స్విచ్, ప్యాచ్ ప్యానెల్ పెట్టుకుని గోడమీద దర్జాగా ఉంది. దాని పని అదే, నేనే దాన్ని సర్వర్ మోయమన్నాను.

కొనేముందు ఒక కాగితం మీద ఐదు గడులు గీయండి: పరికరం, ఎన్ని యూలు, పొడవు, బరువు, వాట్లు. నింపాకే దుకాణానికి వెళ్లండి. బాబాయి ఇప్పుడు నాకు ఏ పని చెప్పినా ముందు టేపు చేతిలో పెడుతున్నాడు. నేనూ మారుమాట్లాడకుండా తీసుకుంటున్నాను.