వంతెనకు ఆవలి ఒడ్డు

ఐరోపాఖండమున ఫ్రాన్సు, జర్మనీ దేశముల నడుమ కొంతదూరము రైన్ నదియే సరిహద్దు. ఆ నదికి పడమటివైపున ఫ్రాన్సులో స్ట్రాస్‌బర్గు అను పెద్ద నగరమును, తూర్పు ఒడ్డున జర్మనీలో కేల్ అను చిన్న పట్టణమును కలవు. స్ట్రాస్‌బర్గువారు ఆదివారమునాడు పిల్లలతో కారెక్కి, వంతెన దాటి, పొరుగుదేశమున పగలంతయు గడపి, చీకటిపడక మునుపే ఇల్లు చేరుట నేడు వింతగాదు. పోవు దూరము కొద్ది కిలోమీటర్లే. కాని ఆ కొద్దిదూరము సుగమమగుటకు ముందు, 1870 మొదలు 1945 వరకు గల డెబ్బదియైదేండ్లలో, ఆ రెండు దేశములు మూడు యుద్ధములు చేసినవి.

2025వ సంవత్సరము వసంతకాలమున అట్లు బయలుదేరిన ఒక కుటుంబమును ఉదాహరణముగా గైకొనవచ్చును. తండ్రి కారు నడుపుచుండెను. అతని ప్రక్కను తాతగారు కూర్చుండిరి. ఆయనకు 82 ఏండ్లు. వెనుక తల్లి, పదమూడేండ్ల కుమార్తె, ఎనిమిదేండ్ల కుమారుడు. తల్లి సంచిలో రొట్టెలు, జున్ను, ఆపిలుపండ్లు సర్దినది. తండ్రి తన లైసెన్సును, కారు భీమాపత్రమును, అందరి గుర్తింపుకార్డులను సరిచూచుకొనెను.

“మనము పోవునది నది యవతలికే గదా! కార్డులెందుకు?” అని పిల్లవాడడిగెను.

“నది యవతల వేరొక దేశమున్నది. ఎవరైన అడిగినచో చూపవలెను” అని తండ్రి బదులు చెప్పెను.

“వంతెనకు పోవుటకు ముందు ఒకచోట కారాపుము, నాయనా!” అనిరి తాతగారు.

నగరమధ్యమున రిపబ్లిక్ చౌకములో ఒక స్మారకశిల్పము కలదు. అది 1936లో నెలకొల్పబడినది. ఒక తల్లి మరణించుచున్న తన ఇద్దరు కుమారులను పట్టుకొని యున్నది. ఆ కుమారుల యొడలిపై సైనికదుస్తులు లేవు. క్రింద “మా మృతులకు” అని మాత్రమే వ్రాయబడియున్నది. వారు ఏ దేశముకొరకు మరణించిరో ఆ వ్రాత చెప్పదు.

“వీరు సైనికులైనచో ఆ దుస్తులేల లేవు, తాతయ్యా?” అని బాలిక ప్రశ్నించినది.

“ఒకడు ఒక సైన్యమున చేరి పోరాడినాడు, రెండవవాడు ఎదుటి సైన్యమున చేరి పోరాడినాడు. ఇరువురకును దుస్తులు తొడిగినచో, చూచువారు ఒకనిని మనవాడనియు, వేరొకనిని పగవాడనియు అందురు. తల్లికి అట్టి భేదము లేదు గదా!” అనిరి తాతగారు.

ఈ శిల్పము వట్టి కల్పన కాదు. స్ట్రాస్‌బర్గు నగరము అల్సేస్ అను ప్రాంతములోనిది. 1871లో జర్మనీ ఆ ప్రాంతమును ఫ్రాన్సునుండి గైకొనెను. మొదటి ప్రపంచయుద్ధానంతరము అది మరల ఫ్రాన్సునకు చేరెను. 1940లో జర్మనీ దానిని తిరిగి ఆక్రమించెను. 1944 నవంబరు 23న ఫ్రెంచిసేనలు స్ట్రాస్‌బర్గును విడిపించినవి. 1868లో ఆ నగరమున పుట్టి 1946లో మరణించినవాడు తన వీధి విడువకుండగనే నాలుగుమారులు ప్రభుత్వము మారుట చూచియుండును. నది కదలలేదు, సరిహద్దే కదలినది.

1942 ఆగస్టులో జర్మను అధికారులు అల్సేస్ యువకులను నిర్బంధముగ తమ సైన్యమున చేర్చుకొనిరి. పలువురు రష్యా యుద్ధరంగమునకు పంపబడిరి. ఈ తాతగారి తండ్రియు వారిలో ఒకడు. కొడుకు ఉయ్యాలలో నుండగా వెడలినవాడు మరల రాలేదు.

నది యావలివారికిని కష్టములు తప్పలేదు. 1944 నవంబరులో కేల్ పట్టణవాసులు ఇండ్లు విడిచిపోవలసి వచ్చెను. యుద్ధానంతరము ఆ పట్టణము ఫ్రెంచివారి అధీనములో నుండెను. కొంచెము కొంచెముగా తిరిగి అప్పగింపబడి, 1953లో పూర్తిగా జర్మనీకి దక్కెను. అంతవరకును ఇంటిముఖము చూడని కుటుంబములు ఆ పట్టణమున కలవు.

కారు యూరోప్ వంతెనపై కెక్కెను. ఈ వంతెన 1960లో తెరవబడినది. “అప్పుడు నాకు పదునెనిమిదేండ్లు. ఇచ్చట వరుసలో నిలువవలెను. అధికారులు పత్రములు చూచి, పెట్టెలు విప్పించి, తీసికొనిపోవు వస్తువు లేవని అడిగెడివారు” అని తాతగారు చెప్పుచుండిరి.

ఆ కట్టుబాట్లు ఒక్కదినమున తొలగలేదు. 1985 జూన్ 14న ఫ్రాన్సు, పశ్చిమజర్మనీ, బెల్జియము, నెదర్లాండ్సు, లక్సెంబర్గు దేశముల ప్రతినిధులు షెంగెన్ అను లక్సెంబర్గు గ్రామమువద్ద మొసెల్ నదిలోని ఓడపై ఒక ఒప్పందమున సంతకములు చేసిరి. దాని ప్రకారము నియమములు పాటించు ప్రయాణికులు కారు ముందు అద్దముపై కనీసము 8 సెంటీమీటర్ల ఆకుపచ్చని బిళ్ళ నంటించుకొన్నచో, అధికారులు కారును నిలుపక చూచి పోనీయవచ్చును. 1995 మార్చి 26న ఏడుదేశముల నడుమ తనిఖీలు తొలగెను. 2025 నాటికి ఈ ఏర్పాటులో 29 దేశములు చేరియున్నవి.

వంతెన దాటగనే నీలిరంగు పలక యొకటి కనబడినది. దానిపై పండ్రెండు బంగారునక్షత్రముల నడుమ జర్మనీ పేరు వ్రాసియున్నది. అచ్చట ఒక రక్షకభటుడు చేయెత్తి కారు నిలిపెను. జర్మనీ 2024 సెప్టెంబరు 16 నుండి తన భూసరిహద్దులన్నింట తాత్కాలికముగ తనిఖీలు జరుపుచుండెను. అతడు కార్డులు చూచి, నవ్వి, పొమ్మని సైగ చేసెను. తాతగారు కొంతసేపు మాటలాడలేదు.

కేల్‌లో మార్గసూచికలు జర్మనుభాషలోనికి మారినవి. కాని నాణెములు మారలేదు. 2002 జనవరి 1 నుండి రెండు దేశములందును యూరో నాణెములే చెల్లుచున్నవి. పిల్లలు తమ జేబులోని డబ్బుతోనే ఐస్‌క్రీము కొనుక్కొనిరి. పిమ్మట అందరును నదీతీరోద్యానమున కూర్చుండి రొట్టెలు తినిరి. ఆ ఉద్యానము రెండు ఒడ్డులపైనను వ్యాపించి యున్నది. 2004లో కట్టిన కాలినడకవంతెన ఆ రెండు భాగములను కలుపుచున్నది. 2017 నుండి ట్రాముబండ్లును స్ట్రాస్‌బర్గునుండి కేల్‌కు నడచుచున్నవి.

సాయంకాలమున వారు కాలివంతెన నడుమకు పోయిరి. పిల్లవాడు క్రిందికి వంగి, “సరిహద్దుగీత ఎచ్చట నున్నది?” అని వెదకెను. నీరు తప్ప మరేమియు కనబడలేదు.

“గీత పటములో నున్నది” అనెను తండ్రి.

“కాగితములలోను ఉన్నది” అనిరి తాతగారు. “2020లో అంటురోగము వ్యాపించినప్పుడు మార్చి నడుమనుండి జూన్ నడుమవరకు ఈ ఒడ్డువారు ఆ యొడ్డునకు ఇష్టమువచ్చినట్లు పోలేకపోయిరి. ఈ యొడ్డున కూతురు, ఆ యొడ్డున తల్లి ఉన్న ఇండ్లెన్నియో కలవు. గీత పోయినదనుకొని యుంటిమి. అది పోలేదు, నిద్రించినది.”

“మరల మేలుకొన్నచో?” అని బాలిక అడిగినది.

“ఇరుప్రక్కలవారును ఒకరినొకరు ఎరిగియున్నచో అది మేలుకొన్నను కీడు చేయజాలదు. అందుకే మిమ్ములను ఇచ్చటికి తీసికొని వచ్చుచుందును” అనిరి తాతగారు.

వారు కారెక్కి మరల యూరోప్ వంతెన దాటిరి. పిల్లవాడు తన గుర్తింపుకార్డును తండ్రికీయక, తన చొక్కా జేబులోనే భద్రపరచుకొనెను. చీకటిపడక మునుపే అందరును ఇల్లు చేరిరి.